ఆయన పక్క సీటు

ఆగస్టు పదకొండు. ఆ మధ్యాహ్నం నేనూ తమ్ముడూ ఉడికించిన గుడ్లతో రొట్టె తిన్నాం. రెండో గుడ్డు వలుస్తూ వాడు, సాయంత్రం పెద్దాయనను కాల్చి చంపేస్తున్నానని చెప్పాడు.

పెద్దాయన సాయుధ దళంలో వాడు పదకొండేళ్లు కొండల్లో పోరాడాడు. దళం రద్దయి ఆయన పార్టీ పెట్టాక, ఆయన కనుసైగ మీద నలుగురు ప్రత్యర్థులను చంపాడు. అది తెలిసీ వాడికి నా ఇంట్లో గది ఇచ్చాను. ఇప్పుడు పార్టీలో గిట్టనివాళ్లు పెద్దాయననే లేపెయ్యమన్నారట. వాడు ఒప్పుకున్నది వాళ్ల కోసం కాదు. కారులో ఆయన పక్కన, ఇన్నాళ్లూ వీడు కూర్చున్న సీట్లోకి, కొత్తగా ఒక పొట్టివాడు ఎక్కాడు. వీణ్ణి గేటు దగ్గర నిలబెట్టారు.

"వాడికి తుపాకీ తుడవడం కూడా రాదన్నయ్యా. అయినా పెద్దాయన వాడి భుజం మీదే చెయ్యేస్తాడు."

సవతిపోరులా ఉందిరా అన్నాను. వాడు నవ్వలేదు.

వద్దురా అనాల్సింది. మా ఆవిడ పోయిన రోజు, పెద్దాయనకు జ్వరమని వీడు శ్మశానానికి రాలేదు. ఆ కోపం ఇంకా పోలేదు. ఉప్పు మాత్రం అందించాను.

చీకటి పడకముందే తిరిగొచ్చాడు. పెద్దాయన వరండాలో ఒంటరిగా బూట్లు విప్పుకుంటున్నాడట. వీడు తుపాకీ తీశాడు. ఆయన తలెత్తి చూసి, మెల్లగా, "ఆయుధం చూపించు" అన్నాడట. దళంలో రోజూ సాయంత్రం తనిఖీకి వాడే మాట అది. వినగానే తూటాలు తీసేసి, ఖాళీ తుపాకీ చాపాలి. వీడి చేతులు వీణ్ణి అడక్కుండానే ఆ పని చేసేశాయి. ఆయన తుపాకీ అటూ ఇటూ తిప్పి చూసి, నీలా శుభ్రంగా ఎవడుంచుతాడ్రా అని భుజం తట్టాడట.

"నువ్వెందుకొచ్చావో కనిపెట్టాడా?"

"కనిపెట్టకేం. రేపు ఆరింటికి రమ్మన్నాడు. పక్కన నన్నే కూర్చోమన్నాడు. ఎవరినో చూపిస్తాడట."

అంటే చంపాల్సిన ఐదోవాడు. తమ్ముడి మొహం మాత్రం వెలిగిపోతోంది. ఒక మనిషి ఈ పూట బతికినందుకు సంతోషించాలి, ఇంకో మనిషి కోసం భయపడాలి. నాకు ముందు కడుపు మండింది. నా మాట తలుచుకుని వీడు ఒక్కసారైనా ఇలా వెలిగాడా?

"రేపు వెళ్లకురా," అన్నాను.



"మధ్యాహ్నం వెళ్లొద్దని అనలేదేం అన్నయ్యా?"

నెల రోజులుగా కునుకు లేనివాడు, పక్క మీద వాలగానే నిద్రపోయాడు. ఈ నిద్రైనా వాడికి దక్కిందిలే అనుకుని, దుప్పటి వాడి కాళ్ల మీదికి లాగి, చప్పుడు కాకుండా తలుపు మూశాను.