తాతగారు నాటిన దేవగన్నేరు

ఆ వీధిలో ఆయన్ని అందరూ శాసనం గారంటారు. ఏ సంగతైనా రాతి మీద చెక్కినట్టు ఖాయంగా చెప్పేస్తారని ఆ పేరు. ఆ పాత వీధిలో ఏటా ఒక ఆదివారం టిక్కెట్టు పెట్టి ఇళ్లూ తోటలూ చూపిస్తారు. కరెంటాఫీసులో రిటైరైన దగ్గర్నుంచీ పక్కింటిని చూపించే పని శాసనం గారిదే. ఆ ఇంటి దూలాలూ కిటికీ అద్దాలూ తనే దగ్గరుండి పెట్టించినంత ధీమాగా చెప్పేవారు. లోపల మాత్రం ఒకటే ఏడుపు. తన ఇల్లూ అదే మేస్త్రీ కట్టిందే కదా, మధ్యలో ఉన్నది గోడ ఒక్కటే కదా, మరి దాని మొహం ఎవరూ చూడరేం?

ఈ ఏడు చూస్తామన్నారు. ఇళ్లు చూపించే ఆ వీధి సంఘానికి పక్కింటావిడే అధ్యక్షురాలు. "ఈసారికి మీ ఇల్లు కూడా పెడదాం. బాగుంటే ఏటా ఉంచుతాం" అంది. ఆ "బాగుంటే" అన్న మాటతో శాసనం గారికి నిద్ర పట్టడం మానేసింది.

ఇంట్లో మనుషులు బతుకుతున్నారని చెప్పే ప్రతి వస్తువునీ, ప్లాస్టిక్ బకెట్లూ ఇస్త్రీ బల్లా విరిగిన ఫ్యానూ, అన్నిటినీ సామాన్ల గదిలోకి తోసేశారు. చివరికి భార్య మిగిలింది.

ఇబ్బందల్లా తోటతో వచ్చింది. తోటంతా ఆవిడదే. సాయంత్రం నడకకి వెళ్లినప్పుడు ఏ ప్రహరీ మీంచి కొమ్మ వంగి కనిపించినా చటుక్కున ఒక రెమ్మ తుంచి, సంచిలో వేసుకొచ్చి నాటేది. అబద్ధమాడటం బొత్తిగా చేతకాని మనిషి, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. రేపు వచ్చేవాళ్లలో సగం మంది ఆ ప్రహరీల తాలూకు వాళ్లే.

"నువ్వు కాసేపు సామాన్ల గదిలో కూర్చో. తోట సంగతి నేను చూసుకుంటాను" అన్నారు.

"ఏం చెప్తారేంటి?"

"మా తాతగారు వేసిన తోటంటాను. మధ్యలో ఉన్న దేవగన్నేరుని ఇంటికి పునాది తీసిన రోజే నాటారంటాను."

ఆవిడ ఆయన వంక అదోలా చూసింది. "అలాగే కానివ్వండి" అంది. మర్నాడు చదువుకోడానికి ఒక పుస్తకం, కాళ్లనొప్పులకి ఒక బకెట్టు వేడినీళ్లు తీసుకుని బుద్ధిగా ఆ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

జనం వచ్చారు. అందరి వెనకా అధ్యక్షురాలు. శాసనం గారు అలవాటు ప్రకారం వాళ్ల వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ అందుకున్నారు. వసారా బ్రహ్మాండంగా నడిచింది. కానీ ఈ రెండిళ్లూ అద్దంలో చూసుకున్నట్టుంటాయి. అక్కడ కుడి వైపున ఉన్నది ఇక్కడ ఎడమ వైపున ఉంటుంది. ఆ సంగతి శాసనం గారి నోటికి తెలుసు గానీ కాళ్లకి తెలియదు. ఇన్నేళ్లూ పక్కింట్లో తిరిగిన కాళ్లు తిన్నగా కుడి వైపు తలుపు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాయి.

"ఈ ఇంటికి ప్రాణమంతా ఈ గదిలోనే ఉంది" అని తలుపు బార్లా తీశారు.

ఎదుటివాళ్ల ముఖాలు మారాక గానీ వెనక్కి తిరిగి చూడలేదు. బకెట్లూ ఫ్యానూ ఇస్త్రీ బల్లా, వాటి మధ్య నీళ్లలో కాళ్లు పెట్టుకుని పుస్తకం చదువుకుంటున్న భార్య. ఇంతటి గైడు ఇంకెక్కడా దొరకడని ఆయన తనని తానే తిట్టుకున్నారు.

"రండి" అంది ఆవిడ తొణక్కుండా. "కూర్చోమందామంటే ఇక్కడ చోటు లేదు. తోట చూస్తారా?"

"చూడకుండా ఎలా వెళ్తాం, పదండి" అంది అధ్యక్షురాలు.

ఆవిడ కాళ్లు తుడుచుకుని ముందు నడిచింది. శాసనం గారు అందరి వెనకా నడిచారు.

"ఈ సన్నజాజి మూలింటి డాక్టరు గారిది. ఈ ముద్దగులాబి మీదేనమ్మా" అంది అధ్యక్షురాలితో. "గోడ బయటికొచ్చిన కొమ్మే తుంచాను. అడిగితే ఇవ్వరేమోనని అడగలేదు."

శాసనం గారి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు జాబితాలోంచి పోయినట్టే. అధ్యక్షురాలు వంగి పువ్వుని ముట్టుకుంది.

"ఇది మా అమ్మ వేసింది. మా దగ్గరున్నది చచ్చిపోయి చాలా ఏళ్లయింది" అంది. "ఒక కొమ్మ ఇస్తారా?"

"ఎన్ని కావాలంటే అన్ని తీసుకోండి. మీదే కదా."

దాంతో మిగతావాళ్లు కూడా తమ కొమ్మలు వెతుక్కోవడం మొదలుపెట్టారు. డాక్టరు గారైతే సన్నజాజిని చూసి తప్పిపోయిన పిల్ల దొరికినంత సంబరపడ్డారు. టిక్కెట్టు కొనుక్కొచ్చిన కుర్రజంట ఒకటి దేవగన్నేరు కింద ఆగింది. "మరి దీన్ని ఎవరింట్లో కాజేశారండీ?" అని నవ్వింది ఆ అమ్మాయి.

"ఇది నేను కాదమ్మా, ఆయన. పెళ్లైన కొత్తలో పార్కులో చూసి పువ్వు బాగుందన్నాను. మర్నాడు ఏకంగా కొమ్మే విరిచి చొక్కాలో దాచుకొచ్చారు. వాచ్‌మన్ వెంటపడ్డాడట. పాలు కారి కొత్త చొక్కా పాడైంది. ఒంటి చెప్పుతో ఇంటికొచ్చారు. ఇప్పుడేమో తాతగారు నాటారంటున్నారు."

అందరూ నవ్వారు. శాసనం గారు కూడా నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. చొక్కా లోపల ఆ పాల జిగురు, ఆ దురద, అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. పక్కింటి దూలాల చరిత్ర పొల్లుపోకుండా బట్టీపట్టిన మనిషి, జన్మకంతా తను చేసిన ఒక్క సాహసాన్నీ పట్టుకెళ్లి తాతగారికి అంటగట్టారు. ఆ తాతగారు ఏనాడూ ఒక్క మొక్కకి చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. ఆయనకి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా భార్య మీద జాలి వేసింది. ఇన్నేళ్లూ ఆ సంగతిని ఆవిడ ఒక్కతే గుర్తుపెట్టుకుంది.

వెళ్తూ వెళ్తూ అధ్యక్షురాలు, "మీ ఇల్లు ఏటా ఉంటుంది. కాకపోతే చూపించడం ఆవిడ చూపిస్తుంది, మీరు గేటు దగ్గర టిక్కెట్లు చింపండి" అంది. శాసనం గారు తలూపారు.

అందరూ వెళ్లాక భార్య పక్కన దేవగన్నేరు కింద కూర్చున్నారు.

"ఆ రోజు నా చెప్పు నిజంగా పోయిందా?"

"పోయింది."

"ఏ కాలిది?"

"చరిత్ర మీ శాఖ కదా, మీరే చెప్పండి" అంది ఆవిడ.

శాసనం గారు రెండు కాళ్ల వంకా చాలాసేపు చూసుకున్నారు. గుర్తు రాలేదు.