క్వారీ గుంతలో నీలం

తొమ్మిదో నంబరు పడవను బోర్లించి పాత రంగును రేకుముక్కతో గీకుతున్నాడు పెయింటర్ మామ. పెచ్చులు గాలికి చెరువులోకి ఎగరకుండా కింద పాత దుప్పటి పరిచాడు. అలా పరవమని ఎవరూ చెప్పలేదు. అయినా ఇరవై రెండేళ్ళుగా ఒక్కరోజు మానలేదు. సాయంత్రాలు జనం షికారుకెళ్ళే పదకొండు పడవలకూ రంగులు వేసేది ఆయనే. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటే ఉండవచ్చు, బయట మాత్రం అందరికీ పెయింటర్ మామే. సన్నటి మనిషి, మోచేతుల దాకా రంగు చుక్కలు, ఎడమ కంటికి కాస్త మెల్ల. గీత గీస్తే మాత్రం తాడు పట్టి గీసినట్టు తిన్నగా పడుతుంది. ఒకరి జోలికి పోడు, ఒకరి నోట మాట పడడు. అలాంటివాడు ఆ ఉదయం గీకిన చోటే మళ్ళీ గీకుతున్నాడు.

పదకొండు గంటలకు మీటింగు ఉంది. చెరువుకు ఎగువన, గుట్ట అవతల పాడుబడ్డ క్వారీ గుంతలో డంపింగ్ యార్డు పెడతారట. ఊరి చెత్తంతా అక్కడే పోస్తారట. చెరువు చుట్టుపక్కల వాళ్ళు మూడు నెలలుగా కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్ళను నడిపిస్తున్న లెక్కల టీచరమ్మ పొద్దున్నే పడవల షెడ్డుకు వచ్చింది.

"గుంతలో నీళ్ళు చెరువులోకి రావని ఇంజనీరు రాసిచ్చాడు మామా. వస్తాయని మా అనుమానం, చూపించడానికేమో ఏమీ లేదు. మీరు పాతవారు కదా, మీకేమన్నా తెలుసా?"

"నాకేం తెలుస్తుందమ్మా, రంగులేసుకునేవాణ్ణి," అని నీళ్ళు నమిలాడు మామ.

ఆమె వెళ్ళాక రంగు డబ్బాల వెనక చెయ్యి పెట్టి ఒక రేకు మగ్గు బయటికి తీశాడు. దాని అంచు చుట్టూ నీలం పట్టి ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, షెడ్డు గోడలకని తెచ్చిన నీలిరంగు పొడి బస్తాలు రెండింటిని ఆరుబయట మరిచిపోయాడు. రాత్రి వానకు అవి ముద్దయిపోయాయి. సూపర్వైజరు చూస్తే ఉద్యోగం ఊడుతుందని తోపుడు బండి మీద వేసుకెళ్ళి, అడుగున అంటుకున్నది కూడా మగ్గుతో గీకి మరీ ఆ గుంతలో పోశాడు. అక్కడితో పోతే బాగుండేది. అయిదో రోజున చెరువు మెట్ల దగ్గర రాళ్ళ సందుల్లోంచి నీలం ఊరింది. జనం విరగబడి చూశారు. నింద వెళ్ళి గట్టున బట్టలు ఉతికే లాండ్రీ ఆయన మీద పడింది. అక్కడ నీలిమందు వాడేది ఆయనొక్కడే మరి. ఎంత మొత్తుకున్నా వినకుండా ఆయన్ని గట్టు మీంచి లేపేశారు. రోజు విడిచి రోజు కుళాయి వచ్చే సందులోకి మారి, పాపం ఆయన అక్కడే ముసలివాడయ్యాడు. ఆ రోజు గుంపులో నిలబడ్డ మామ కిమ్మనలేదు. పడవల కింద దుప్పటి పరవడం మొదలుపెట్టింది ఆ మర్నాటి నుంచే.

రిటైరు కావడానికి ఇంకా ఎనిమిది నెలలుంది. "ఆ మీటింగులూ గీటింగులూ నీకెందుకు? ఎనిమిది నెలలు ఓపిక పట్టావంటే మర్యాదగా ఇంటికొస్తావు," అంది భార్య, పొద్దున ఇంటి దగ్గర క్యారియరు అందిస్తూ. ఆమెకూ ఈ సంగతి తెలియదు.

మీటింగు బడి హాల్లో, పెద్దాఫీసరు ఎదుట జరిగింది. మామ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మూడో వరసలో లాండ్రీ ఆయన నెరిసిన తల కనిపిస్తోంది.

"ఆ గుంతకూ చెరువుకూ సంబంధమే లేదు," అన్నాడు ఇంజనీరు. "ఉందని ఒక్కరు రుజువు చూపించండి."

మామ ముందుకు నడిచి మగ్గును బల్ల మీద పెట్టాడు.

"ఉందయ్యా. అప్పట్లో గుంతలో నీలం పోసింది నేనే. అయిదో రోజుకి మెట్ల దగ్గర తేలింది. లాండ్రీ అన్న ఏ పాపం ఎరగడు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఇంజనీరు.

"భయమేసి."

హాలంతా కలకలం రేగింది. గుంతలో రంగునీళ్ళు పోసి పరీక్షించేదాకా యార్డు పని ఆపమని పెద్దాఫీసరు అక్కడికక్కడే రాయించాడు. టీచరమ్మ కుర్చీలో కూలబడి కళ్ళు తుడుచుకుంది. మామ మగ్గు తీసుకుని బయటికి రాగానే సూపర్వైజరు ఎదురయ్యాడు.

"పైనుంచి ఫోనొచ్చింది మామా. సాయంత్రం తాళాలు ఇచ్చెయ్," అన్నాడు, మొహం చూడలేక ఎటో చూస్తూ.

మధ్యాహ్నమంతా మామ తొమ్మిదో పడవకు రంగు వేశాడు. నంబరు దిద్దుతుండగా లాండ్రీ ఆయన వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఇరవై రెండేళ్ళకు అదే ఆయన మళ్ళీ అక్కడికి రావడం.

"నువ్వేనని నాకప్పుడే తెలుసు. ఆ వారం ఉతకడానికి నువ్విచ్చిన చొక్కా జేబు నిండా నీలమే."

మామ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "మరి చెప్పలేదేం అన్నా?"

"నా మాట ఎవడు నమ్ముతాడు? నువ్వే చెప్తావని ఎదురు చూశా. నెల చూశా, ఏడాది చూశా. ఆ తర్వాత చూడ్డం మానేశా."

మామకు ఏడుపు ఆగలేదు. లాండ్రీ ఆయన ఓదార్చలేదు, లేచి పోనూలేదు. పక్కనున్న మగ్గు అందుకుని, నీళ్ళలోకి దిగి, ఇసుకతో తోమడం మొదలుపెట్టాడు. పొద్దువాలే దాకా తోముతూనే ఉన్నాడు.

మామ బ్రష్షులు కడిగి ఆరబెట్టాడు. దుప్పటి మడిచాడు. షెడ్డుకు తాళం వేసి, తాళాలు సూపర్వైజరుకిచ్చి, ఖాళీ క్యారియరు ఊపుకుంటూ ఇంటిదారి పట్టాడు. కాసేపటికి లాండ్రీ ఆయనా వెళ్ళిపోయాడు. మెట్టు మీద మగ్గు బోర్లించి ఉంది. రేకు తళతళలాడుతోంది గానీ, అంచున నీలం మాత్రం ఆయన చేతికి కూడా వదల్లేదు.