నాలుగున్నర సెంటీమీటర్లు

నేను రెండు మూరల దారం ముక్కను. ఆదోని నూలుమిల్లులో పుట్టి, చీరల కొట్లో ఒక పొట్లం చుట్టూ బిగుసుకున్నాను. చీరను నలుగురూ మెచ్చుకున్నారు. దాన్ని జారకుండా ఇంటికి చేర్చిన నన్ను చెత్తబుట్ట వైపు విసిరారు. మనుషుల పద్ధతి అంతే. ఏరి దాచింది మాత్రం శంకరమ్మ టీచరు.

ఆమె భూగోళం చెబుతుంది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య నన్ను బిగబట్టి, ఆ మేరను స్కేలుకు ఆనించి, సెంటీమీటరుకు నాలుగు వందల కిలోమీటర్లు లెక్కవేయించేది. "దారం తప్పు చెప్పదు" అనేది పిల్లలతో. ఆ పిల్లల్లో ఆమె తమ్ముడు ఉరుకుందు కూడా ఒకడు. తల్లి పోతే ఆమే పెంచింది. పెద్దయ్యాక ఇంఫాల్‌లో వంతెన పనికి వెళ్లాడు.

ఒక ఉదయం బడికి ఫోను వచ్చింది. ఉరుకుందు వంతెన మీది నుంచి పడ్డాడు. కడుపులో రక్తం కారుతోంది. వెంటనే ఆపరేషన్ చేయాలి.

"నువ్వొస్తేనే సంతకం పెడ్తాక్కా. భయమైతాంది."

"వస్తా లేరా."

"ఎంతసేపు? దారం పెట్టి చూడు."

ఆమె నన్ను గ్లోబు మీద బిగబట్టింది. హైదరాబాదు నుంచి ఇంఫాల్‌కు నాలుగున్నర సెంటీమీటర్లు. పద్దెనిమిది వందల కిలోమీటర్లు. విమానం గంటకు ఆరు వందలు పోయినా...

"మూడు గంటలురా."

"అయితే ఆగుతా."

నన్ను గుప్పిట్లో పట్టుకునే బస్సెక్కింది. హైదరాబాదుకే ఆరు గంటలు పడుతుందని కండక్టరు చెప్పినప్పుడు ఆమె గుప్పిలి బిగిసింది. ఆదోని నుంచి రోడ్డు, విమానాశ్రయంలో పడిగాపులు, కలకత్తాలో ఇంకో విమానం. ఇవేవీ నా పొడవులో లేవు. ఆమె ఫోను చేస్తూనే ఉంది. అవతల ఎవరూ ఎత్తలేదు. సరిగ్గా మూడు గంటలు గడిచాక అతనే చేశాడు.

"యాడున్నావక్కా?"

"ఇప్పుడే కర్నూలు దాటినా. సంతకం పెట్టురా, నీకు దండం పెడ్తా!"

అతను సన్నగా నవ్వాడు.

"లెక్క తప్పినావక్కా."

సంతకం పెట్టాడట. మరునాడు మధ్యాహ్నం మేం చేరేసరికి ముఖం మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. "ఆపరేషన్ మూడు గంటలు ఆలస్యమైంది" అన్నాడు డాక్టరు. ఆమె తల ఊపింది.

ఆ తర్వాత నేను సుద్దముక్కల డబ్బాలో పడి ఉన్నాను. ఇక తీయదనుకున్నాను. నిన్న ఆ పాఠం వచ్చింది. జైనబి అనే అమ్మాయి చేతికి నన్నిచ్చి, "హైదరాబాదు, ఇంఫాల్" అంది. విమానం వేగం బోర్డు మీద రాసింది.

జైనబి నన్ను బిగబట్టింది, కొలిచింది, భాగించింది.

"మూడు గంటలు, టీచర్!"

శంకరమ్మ ఆ అమ్మాయి నోటుపుస్తకాన్ని చాలాసేపు చూసింది. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. ఎర్రసిరాతో టిక్కు పెట్టింది.

ఆ తర్వాత నన్ను తన వేలికి చుట్టి, వేలికొస తెల్లబడేదాకా బిగించింది.