కోతపండుగ వేలంలో కంచు పతకం

దేవుని బల్ల ముందు ఉంచిన కానుకను ఇచ్చినవారే తిరిగి వేలంలో పాడుకోరాదన్న నియమం ఏ గ్రంథంలో ఉంది? ముగ్గురు పాస్టర్లను అడిగాను. లేదని ఒక్కరూ అనలేదు, చూపినవారూ ఒక్కరూ లేరు.

బద్వేలు దారిలోని మా సంఘాలలో కోతపండుగ నాడు కొర్రలు, జొన్నకంకులు, గుమ్మడికాయలు, కోళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన ముగిశాక గుడి ముంగిట వాటిని వేలం వేస్తారు. సొమ్ము సంఘానిది. ఎవరి కానుకను వారు పాడితే ఇచ్చినది వెనక్కి లాక్కున్నట్టేనని పెద్దల మాట. అందువల్ల బీదల మధ్య ఒక మర్యాద పుట్టింది. పొరుగువారు అణాకో రెండణాలకో పాడి, ఆ వస్తువును మరునాడు ఇచ్చినవారి గడపలోనే దింపిపోతారు. కానుక ఇచ్చిన గౌరవం దక్కుతుంది, కోడీ ఇంటికి చేరుతుంది. ఈ ఏర్పాటును ఎవరూ వ్రాసి పెట్టలేదు, కానీ అందరూ నమ్మారు.

1923లో వానలు ముఖం చాటేశాయి. ఆ దారిలోని ఒక పల్లెలో విశ్వాసమ్మ అనే విధవరాలి ఇంట గింజ లేదు, కోడి లేదు. చెవి కమ్మలు తప్ప ఉన్నది ఒక్క కంచు పతకం. ఆమె ఏకైక కుమారుడు బాలస్వామి యుద్ధకాలంలో కూలిదళంలో చేరి బస్రాకు పోయి, మూటలు మోసి, జ్వరంతో అక్కడే కన్నుమూశాడు. సమాధి ఎక్కడ ఉన్నదో, అసలు ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. సర్కారు పంపిన ఆ పతకం అంచు చుట్టూ మాత్రం అతని పేరు అచ్చొత్తి ఉంది. ఈ లోకంలో ఆ పేరు నిలిచిన చోటు మరొకటి లేదు. అప్పట్లో నేను ఆ పల్లె బడిలో ఉపాధ్యాయురాలిని. ఆదివారం ఆరాధన కాగానే ఆమె నా దగ్గరికి వచ్చి అంచు తిప్పి చదవమనేది. చదివించుకున్నాక కొంగుతో తుడిచి ముడి వేసుకునేది.

పండుగ ముందురోజు బావి దగ్గర పొరుగింటి రత్నమణి ఆమెను ఒప్పించింది.

"వట్టి చేతులతో ఎట్లొస్తావు మే గుడికి? ఆ బిళ్ల పెట్టు. నేను రెండణాలకు పాడి నీకే తెచ్చిస్తా. నిరుడు నా కోడిని నువ్వు పాడి నాకియ్యలేదా?"

"కోడి వేరే, ఇది వేరే గదమ్మా. ఎవురన్నా ఎక్కువకు పాడితే?"

"దాన్నెవురు పాడతారు మే? దానిమీద బొమ్మలో గుర్రమెక్కినోనికి ఒంటిమీద గుడ్డ గూడా లేదు. మనోళ్లకు ఇచ్చినట్టే వానికీ ఇచ్చినారు సర్కారోళ్లు."

విశ్వాసమ్మ నవ్వింది. నవ్వి, ఒప్పుకుంది.

ఆ సంవత్సరం గుడి దూలం విరిగిపడింది. కొత్త కప్పుకు చందా రాబట్టవచ్చునన్న ఆశతో పాస్టరుగారు విశ్రాంత డిప్యూటీ కలెక్టరు ఒకరిని అతిథిగా పిలిచారు. ఆయనకు పాత నాణేలు, పతకాలు సేకరించే వ్యసనం ఉన్నదని పల్లెలో ఎవరికీ తెలియదు.

వేలం పలికినవాడు సంఘపెద్ద జ్ఞానరాజు. విశ్వాసమ్మకు మరిది. పతకం ఎత్తి చూపి, "అణా" అన్నాడు. రత్నమణి "రెండణాలు" అన్నది. అతడు గబగబా "రెండణాలు ఒకటోసారి, రెండోసారి" అన్నంతలో అతిథి చెయ్యి చాచారు. పతకాన్ని అందుకుని, జేబులోని భూతద్దం తీసి అంచంతా చూశారు.

"వెండివి లక్షలకొద్దీ ఉన్నాయి. కంచువి కూలీలకే ఇచ్చారు. నా పెట్టెలో ఇది లేదు," అన్నారు నెమ్మదిగా. "యాభై రూపాయలు."

జనం చప్పట్లు కొట్టారు. అణాకు పాడి తిరిగి ఇవ్వాలని వచ్చినవారే కొట్టారు. జ్ఞానరాజు మాత్రం మూడోసారి పలకలేక పాస్టరుగారి వైపు చూశాడు.

విశ్వాసమ్మ లేచి నిలబడింది. "అయ్యగారూ, నా కమ్మలు పెడతా. అది నాకిచ్చేయండి."

"దేవునికిచ్చింది మార్చుకుంటామా తల్లీ?" అన్నారు పాస్టరుగారు.

"వదినా, దూలం యాడ పడుండాదో నువ్వు చూడలేదా?" అన్నాడు జ్ఞానరాజు, తల ఎత్తకుండా. "మనకు యాభై రూపాయలు యాడనుంచి వస్తాయి? గుడికి మీవాడే కప్పేసినాడనుకో."

"వాడు బస్రాకు పోయింది గుడి కప్పనీకి కాదు గదప్పా."

జ్ఞానరాజు మూడోసారి పలికాడు.

ఆమె అతిథి బండి దగ్గరికి నడిచింది. "సామీ, దానిమీద నా కొడుకు పేరుండాది."

"తెలుసమ్మా," అన్నారాయన, దయగానే. "పేరు ఉంటేనే దీనికి విలువ."

ఆయన ఐదు రూపాయలు ఇవ్వబోయారు. ఆమె తీసుకోలేదు.

విలువ అన్న ఆ మాటను నేను ఇన్నేళ్లుగా తూచి చూస్తున్నాను. తుపాకి పట్టినవాడికి వెండి, మూట మోసినవాడికి కంచు అని సర్కారు నిర్ణయించింది. ఆ చిన్నచూపే కొన్నేళ్లు గడిచాక "అరుదు" అనే గౌరవనామం ధరించి అద్దాల పెట్టెలో కూర్చుంది. కూలివాడిని తక్కువ చేసిన లోహమే సేకర్తకు ఎక్కువైంది. తల్లికి మాత్రం అది ఏనాడూ అరుదు కాదు, ఒక్కటే.

గుడికి కప్పు పడింది, గట్టి కప్పు. పల్లెలో మరొక గుడి లేదు గనుక ఆమె ప్రతి ఆదివారం దాని కిందనే కూర్చోవాలి. నోరు తెరిస్తే దేవునికిచ్చి ఏడ్చిందంటారు. తెరవకుంటే సంతోషంగా ఇచ్చిందంటారు. రత్నమణి ఆమె ముఖం చూడలేక గోడవైపు కూర్చుంటుంది. కప్పు పూర్తయిన నాటి ప్రార్థనలో పాస్టరుగారు దాతగా అతిథి పేరు చదివారు. బాలస్వామి పేరు చదవలేదు.

నేను డిప్యూటీ కలెక్టరుగారికి రెండు ఉత్తరాలు వ్రాశాను. సేకరణను విడదీయలేనని ఒక్క జవాబు వచ్చింది. 1939లో ఆయన మరణించగానే వారసులు దానిని నిస్సంకోచంగా విడదీసి, మద్రాసులో వేలం వేశారు. వేలం జాబితా తెప్పించి చూశాను. విజయనగర వరాహాలకూ టిప్పు కాసులకూ మధ్య ఒక పంక్తి: "యుద్ధ పతకం, కంచు, కూలిదళం, అరుదు, అంచు స్పష్టం." ఎవరు కొన్నారని అడిగితే, కొన్నవారి పేరు గోప్యమని బదులిచ్చారు. పోయినవాడి పేరుకు ధర కట్టినవారు కొన్నవాడి పేరును మాత్రం భద్రంగా దాచారు.

ఇది 1946. విశ్వాసమ్మకు డెబ్బై దాటాయి, చూపు మందగించింది. పతకం తిరిగి వచ్చినా, అంచు మీద అచ్చును ఇప్పుడు ఆమె వేలితో తడిమే తెలుసుకోవాలి.

చదువుతున్న మీ ఇంట పతకాల పెట్టె ఉంటే దానిని ఇప్పుడే తెరవండి. కంచువాటిని ఒక్కొక్కటిగా తీసి అంచు తిప్పి చదవండి. బాలస్వామి అన్న పేరు కనిపిస్తే వెల చెప్పకండి, నాకు ఉత్తరం వ్రాయకండి. తెచ్చి ఆ తల్లి చేతిలో పెట్టండి.