కర్టెన్ లేని గది

ఆ ఉదయం ఆమె ఎవరో తాతగారికి కళ్ళు తెరిపిస్తోంది. పెళ్ళివారి గుంపు ఫొటోలో అందరూ బాగానే నవ్వారు, సరిగ్గా మీట నొక్కే వేళకు తాతగారు మాత్రం కళ్ళు మూసుకున్నారు. ఇంకో ఫొటోలో ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ, నోటి నిండా ఏదో పెట్టుకుని నములుతున్నారు. అక్కడి కళ్ళు తెచ్చి ఇక్కడ పెట్టి, అతుకు తెలియకుండా చర్మం రంగు కలపాలి. ఇదీ ఆమె పని. ముందుగదిలో భర్త ఫొటోలు తీస్తాడు, వెనకగదిలో ఆమె వాటిని జనం చూసుకుని మురిసేలా చేస్తుంది. మొటిమలు తుడుస్తుంది, బట్టతలల మీద మెరుపు తగ్గిస్తుంది, పొట్టలు లోపలికి నొక్కుతుంది. ఎవరైనా మెచ్చుకుంటే అతను, "మా ఆవిడ కూడా కాస్త చెయ్యి సాయం చేస్తుందండీ" అంటాడు. ఆ కాస్త చెయ్యికి పెళ్ళయిన దగ్గర్నుంచీ జీతం లేదు, సెలవు లేదు. పని మధ్యలో మేడ మీద ఇంట్లోంచి అత్తగారు పిలుస్తారు. తాతగారికి ఒక కన్ను పెట్టి, మెట్లెక్కి పాలు దించి, మళ్ళీ దిగివచ్చి రెండో కన్ను పెట్టాలి.

ఆమె మసక ఫొటోలు తీయడం అనుకోకుండా మొదలైంది. అతను ఎక్కడో వాడిన కెమెరా ఒకటి చవగ్గా కొన్నాడు. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఫొటోలో గీతలు పడుతున్నాయేమో చూడమని ఆమెకిచ్చాడు. చూడాల్సిన పనులన్నీ ఆమెకే వస్తాయి కదా. ఆమె దాన్ని భోజనాల గదిలో అలమర మీద పెట్టి, దాని కంటికి వెలుతురు తగ్గించే నల్లటి అద్దం బిగించి, మీట నొక్కి వడ్డించడానికి వెళ్ళిపోయింది. సాయంత్రం కంప్యూటర్ తెర మీద చూస్తే గీతలేం లేవు. భర్త ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు, చొక్కా గుండీలతో సహా పడ్డాడు. అత్తగారు గోడకు ఆనుకుని టీవీ చూస్తున్నారు, ఆవిడ నుదుటి ముడతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. బల్ల మీద గిన్నెలున్నాయి, కంచాలున్నాయి, వాటంతటవే నడిచి వచ్చినట్టు. ఆమె మాత్రం లేదు. వంటింటి గుమ్మం నుంచి బల్ల దాకా బూడిదరంగు చార ఒకటి పాకి ఉంది. ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో అన్నిసార్లూ కలిసి ఆ చార అయింది.

ఆమె ఆ చారని పెద్దది చేసి చూసింది. కూర్చున్నవాళ్ళు మిగిలారు. ఒక్క క్షణమైనా కూర్చోని మనిషి చెరిగిపోయింది. ఇన్నేళ్ళుగా తనకి లోలోపల అనిపిస్తూ, ఎవరితోనన్నా అంటే "నీకేం తక్కువైంది" అంటారని మింగేసిన మాట, తను నోరు విప్పకుండానే కెమెరా చెప్పేసింది. అది మొదలు ఆమె కావాలనే అలాంటి ఫొటోలు తీసింది. ఇస్త్రీ చేస్తూ తీస్తే చేతులు మాయమై మడతపెట్టిన బట్టల దొంతర మిగిలింది. ఇల్లు తుడుస్తూ తీస్తే తడి నేల మీద మంచు కమ్మినట్టు వచ్చింది. బజారుకి నడుస్తూ కెమెరాని చేత్తో ఊపి తీస్తే వీధంతా కరిగిపోయి నల్లటి, తెల్లటి గీతలైంది. అన్నిట్లోనూ రంగు తీసేసింది. రంగుంటే చూసేవాళ్ళ కళ్ళు గోడ సున్నం మీదకీ బకెట్ మీదకీ పోతాయి, ఆ చార మీద నిలవవు.

భర్తకి అవి చూస్తే నవ్వొచ్చింది. చెయ్యి వణికిందా అని అడిగాడు. అందరి మొహాలూ స్పష్టంగా చేసిపెట్టే మనిషివి, నీకిదేం పిచ్చి అన్నాడు. అత్తగారైతే ఒక ఫొటోని దూరంగా పట్టుకుని, దగ్గరగా పెట్టుకుని చూసి, "నాకు శుక్లాలున్నప్పుడు లోకమంతా ఇలాగే కనబడేదమ్మాయ్. ఆపరేషన్‌తో పోయింది" అన్నారు. ఆ మాటకి ఆమె కూడా నవ్వింది. నవ్వి, ఆ ఫొటోల్ని వెనకగది గోడకి అంటించుకుంది. పెరటిచెట్టు మందుకు పనికిరాదంటారు, సరే, పెరట్లోనే ఉండనీ అనుకుంది.

ఉండనివ్వలేదు. ఊళ్ళో ఫొటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడైన పెద్దాయన ఒకరోజు ఏదో పనిమీద స్టూడియోకి వచ్చి, వెనకగదిలోకి తొంగిచూసి, అక్కడే నిలబడిపోయాడు. భోజనాల గది ఫొటో ముందు చాలాసేపు ఉన్నాడు. ఎవరు తీశారని అడిగితే భర్త గొంతు సవరించుకుని, ఈమధ్య మా స్టూడియోలో కొన్ని ప్రయోగాలు చేస్తున్నామండీ అన్నాడు. ఆమె టీ కప్పులతో గుమ్మంలో ఉంది. పెద్దాయన ఫొటో మీదకి వంగి, చారని వేలితో చూపిస్తూ, "ఇక్కడిలా పాకిందే, ఇదేమిటి?" అన్నాడు.

"అదాండీ? కర్టెన్. ఫ్యాన్ గాలికి ఊగింది" అన్నాడు భర్త.

ఆ గదికి కర్టెన్ లేదు. ఎప్పుడూ లేదు. అతను రోజూ మూడు పూటలా అక్కడే కూర్చుని తింటాడు. ఆమె టీ కప్పులు బల్ల మీద పెట్టి, చక్కెర సరిపోయిందా అని అడిగి, లోపలికి వెళ్ళి కుళాయి తిప్పి, కప్పులేమీ లేకుండానే కాసేపు చేతులు కడుక్కుంది. అబద్ధమాడాడని కాదు ఆమె బాధ. అబద్ధమాడి ఉంటే బాగుండేదనిపించింది. అతను నిజంగానే కర్టెన్ అనుకున్నాడు.

పెద్దాయన ఆ ఫొటోలన్నీ సంఘం హాల్లో పెడతానన్నాడు. నడిగోడకి పెద్దది ఇంకొకటి కావాలని, అది ఆదివారం దాటాక అందితే చాలని చెప్పి, పేరు కార్డుల కోసం భర్త పేరు రాసుకుని వెళ్ళాడు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కాబోలు. భోజనాల దగ్గర ఆమె ఎట్టకేలకు నోరు తెరిచి, తీసింది నేను కదా అంది.

"నీ పేరైతే ఏంటి, నా పేరైతే ఏంటి? మనిద్దరం వేరా?"

"వేరు కానప్పుడు నా పేరే పెట్టొచ్చుగా."

అతను తినడం ఆపి, ఏదో వింతవస్తువుని చూసినట్టు చూశాడు. స్టూడియోకి పేరొస్తే నీకు రానట్టా అన్నాడు. పెట్టుబడి నాది, కెమెరా నాది, ఇల్లు నాది, అన్నీ నావైనప్పుడు ఈ లెక్కలేంటి అన్నాడు. అయినా ప్రారంభం రోజున నాలుగు ముక్కలు మాట్లాడాలి, అవెలా తీశావో కాస్త విడమరిచి చెప్పు అన్నాడు. అత్తగారు, మొగుడూ పెళ్ళాల మధ్య వాటాలేంటమ్మాయ్, చోద్యం కాకపోతే అన్నారు. ఆమె గిన్నెలు సర్దుతూ, నడిగోడ ఫొటో నేను తీస్తాను అని మాత్రం అంది. అతనికి అదే కావాలి, సంతోషించాడు.

ఆదివారం పొద్దున ఆమె కెమెరాని అదే అలమర మీద, అదే చోట పెట్టింది. నల్ల అద్దం బిగించింది. పొడుగు తీగ చివర ఉండే మీటని గుప్పిట్లో పట్టుకుని, భర్త రోజూ కూర్చునే కుర్చీలో కూర్చుని, తల వెనక్కి ఆనించి, షట్టర్ తెరిచింది. ఇక కదలకూడదు.

మొదట అత్తగారు వేడినీళ్ళు అడిగారు. ఆమె మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి, బిగబట్టుకుంది. లోపల్నుంచి భర్త టీ ఏదీ అన్నాడు. కాసేపాగి ఇంకాస్త గట్టిగా అన్నాడు. జవాబు రాకపోయేసరికి బయటికొచ్చి, ఆమెని చూసి, ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఆమె పెదవి కదపలేదు. అతను వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మూతలు తీసిచూశాడు, ఇవతలికి వచ్చాడు, కళ్ళజోడు వెతుక్కున్నాడు, మళ్ళీ వెళ్ళాడు, కాలుగాలిన పిల్లిలా ఆ గదిలోనే తిరిగాడు. అత్తగారు గోడ పట్టుకుని వచ్చి, ఇదేం చోద్యం అని చేతులు తిప్పి, వెళ్ళి, మళ్ళీ వచ్చారు. ఆమెకి భయమేసింది, సిగ్గేసింది. ఏదో దొంగతనం చేస్తున్నట్టనిపించింది. ఆ తర్వాత పట్టరాని కోపం వచ్చింది. తన ఇంట్లో ఒక కుర్చీలో ఊరికే కూర్చోవడానికి మనిషికి ఇంత ధైర్యం కావాలా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కెమెరాకి కన్నీళ్ళు అడ్డం కావు, జారనిచ్చింది. లోపల పాలు పొంగిన వాసన వచ్చినా లేవలేదు. వాళ్ళిద్దరూ ఇంకో విడత తిరిగాకే మీట వదిలింది.

మర్నాడు పెద్దాయనకి తనే ఫోన్ చేసి, ఆ ఫొటోలన్నీ తీసింది తనేనని చెప్పింది. కార్డుల మీద ఏ పేరు రాయాలో అక్షరం అక్షరం చెప్పింది. ఫోన్ పెట్టేసి చూస్తే భర్త గుమ్మంలో ఉన్నాడు. అంతా విన్నాడని మొహమే చెబుతోంది. ఏదో అనబోయి, బల్ల మీద ఆరబెట్టిన పెద్ద ప్రింటు చూసి ఆగాడు. దాన్లో ఆమె ఉంది. చెదిరిన వెంట్రుకలతో, చెంప మీద తడితో, గుప్పిట్లో మీటతో, ఒక్క గీత కూడా చెరక్కుండా ఉంది. ఆమె చుట్టూ గదంతా బూడిదరంగు పొగ.

అతను దాన్ని వెలుతురులోకి తిప్పి చాలాసేపు వెతికాడు.

"నేనూ అమ్మా అక్కడే తిరిగాం కదా. ఎక్కడా లేమే? ఇక్కడిలా పాకిందేమిటి?"

"అదాండీ? కర్టెన్" అంది ఆమె. "ఫ్యాన్ గాలికి ఊగింది."