మూడో గది గోడ

టపాలు జవాను కేక వేసేసరికి గుర్వమ్మ కూలిన గోడ దగ్గర గొంతుక్కూర్చుని, బురదలోంచి రాళ్ళు ఏరి పక్కన పెడుతోంది. ఆ రాళ్ళతో ఆమెకు పని లేదు. గోడ కూలి మూడు రోజులైంది. దాని కింద పడి చనిపోయిన మూడో గది పంతులు బిడ్డ, మూడేళ్ళ రూతమ్మను మొన్ననే ఊరి బయట కిరస్తానీల బొందలగడ్డలో పెట్టి వచ్చారు. అయినా గుర్వమ్మకు చేతులు ఊరికే ఉండడం లేదు.

"రంగూన్ జాబు, గుర్వమ్మా!"

ఆమె కొంగుకు చేతులు తుడుచుకుని జాబు తీసుకుంది. దాన్ని ఎవరి దగ్గరికి తీసుకుపోవాలో తోచక వానలో అలాగే నిలబడింది.

పాలమూరు స్టేషను వెనక వరసగా ఉన్న ఆ నాలుగు గదులు గుర్వమ్మ మరిది కిష్టయ్యవి. కరువు ఏడాది మట్టిపనికని బయలుదేరినవాడు మద్రాసులో ఓడెక్కి రంగూన్ చేరాడు. అక్కడ బియ్యం మిల్లులో బస్తాలు మోసి, చివరికి మేస్త్రీ అయ్యాడు. ఒక్కసారి వచ్చి ఈ గదులు కట్టించి వెళ్ళిపోయాడు. అన్న చనిపోయాక, వదినెను చివరి గదిలో ఉండమని, మిగతా మూడు గదుల కిరాయి వసూలు చేసే పని ఆమెకు అప్పజెప్పాడు. గదికి నెలకు మూడు రూపాయలు. ఆ డబ్బు బజారులో వడ్డీవ్యాపారి సేటుకిస్తే అతను రంగూన్‌లో చెల్లేలా హుండీ కాగితం రాసి పంపేవాడు. జాబు పోవడానికి ఇరవై రోజులు పట్టేది, జవాబు రావడానికి మరో ఇరవై.

ఒక వానాకాలం కారుతున్న కప్పుకు గుర్వమ్మ అడక్కుండానే పెంకులు వేయించింది. కిష్టయ్య నుంచి జాబు వచ్చింది: "ఇల్లు నీదా నాదా? నా హుకుం లేకుండ పైస కర్సు పెట్టేదుంటే గది ఖాళీ చేసి పో." పోవడానికి ఆమెకు పుట్టిల్లు మిగల్లేదు, పిల్లలు లేరు. అప్పటినుంచి మేకు కొట్టాలన్నా రంగూన్‌కు రాయించేది.

మూడో గదిలో యోహాను ఉంటున్నాడు. మిషను బడిలో పంతులు. భార్య జానమ్మ దవాఖానలో ఊడ్చే పని చేస్తుంది. మాలోళ్ళని ఊళ్ళో ఎవరూ వాళ్ళకు ఇల్లు కిరాయికివ్వలేదు. గది రెండు నెలలుగా ఖాళీగా ఉంటే మరిది ఏమంటాడోనన్న భయంతో గుర్వమ్మ ఇచ్చింది. ఎవరికిచ్చిందో మాత్రం రాయించలేదు. బావి చేద వాళ్ళను ముట్టనిచ్చేది కాదు, తనే తోడి పోసేది. అయితే రంగూన్ జాబులు చదవడానికి యోహానే దిక్కు. అతను వాకిట్లో నిలబడి చదివితే ఆమె గడపలో కూర్చుని వినేది.

చైత్రంలో జానమ్మ వచ్చి పిలిచింది.

"అవ్వా, జర వచ్చి చూడుండ్రి. గోడ కడుపుతోనున్నదాని లెక్క ఉబ్బింది."

"మాలిక్‌కు రాపిస్త తియ్. ఫికర్ పడకు," అంది గుర్వమ్మ.

ఆ జాబు యోహానే రాశాడు. నెలన్నరకు వచ్చిన జవాబూ అతనే చదివాడు. "ఆ గోడ దగ్గరుండి కట్టించినోణ్ణి నేను. వానలు వెలిసినాంక చూద్దాం." ఒక్క మాట మింగకుండా చదివి, మడతపెట్టి ఇచ్చాడు. ఆ సాయంత్రమే ఎక్కడినుంచో తుమ్మ మొద్దు మోసుకొచ్చి గోడకు ఊతం పెట్టాడు. మృగశిర కార్తెలో, గోడ ఇంకో బెత్తెడు వాలిందని మళ్ళీ రాశాడు. మట్టిగోడలు పెట్టే ఉప్పరివాళ్ళు ఇద్దరు రోజుకు ఆరణాల కూలితో వారం చేస్తే అయిపోయే పని. నెలనెలా తొమ్మిది రూపాయలు గుర్వమ్మ చేతి మీదుగానే పోయాయి. వాటిని ముట్టుకునే ధైర్యం ఆమెకు లేకపోయింది.

శ్రావణంలో ముసురు పట్టింది.

ఇప్పుడు జాబు పట్టుకుని నిలబడ్డ గుర్వమ్మ దగ్గరికి యోహానే నడిచి వచ్చి చెయ్యి చాపాడు.

"నువ్వొద్దు పంతులూ. టేసన్ల బాబుతోని చదివించుకుంట."

"ఇయ్యుండ్రి. అన్ని నేనే చదివిన గద. ఇది గూడ నేనే చదువుత."

మాసిన గడ్డంతో, ఆమె చేతిలోంచి జాబు తీసుకుని విప్పాడు. మృగశిరలో రాసిన దానికి జవాబు అది.

"వదినెకు కిష్టయ్య రాయించునది. గోడ ముచ్చట మాటిమాటికి రాయకు. అంత భయమున్నోళ్ళను ఖాళీ చేసి పొమ్మను. రైలు కొల్వుకొచ్చినోళ్ళు మూడున్నర ఇస్తరని సేటు రాసిండు. పై నెల నుంచి మూడో గది వాళ్ళకే. సేటు మనిషిని పంపుతడు."

యోహాను జాబు మడిచాడు. కూలగా మిగిలిన గోడ మూలన జానమ్మ మోకాళ్ళకు చేతులు చుట్టుకుని కూర్చుని ఉంది. చదివిందంతా ఆమెకూ వినబడింది.

"లోపలికి రా పంతులూ. కూసో," అంది గుర్వమ్మ.

ఇన్నేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. యోహాను కదలలేదు.

"నీకొక మాట చెప్పాలె. మూడు దినాల సంది గొంతుల్నే ఉన్నది." ఆమె గడప పట్టుకుంది. "ఆ పొద్దు మీరు పనికి పోయినంక, నిద్ర లేచి పిల్ల నా కాడికొచ్చింది. గీ గడప బయటనే నిలవడ్డది. తడుస్తాంది. అవ్వా, సలి పెడ్తాంది అన్నది. లోపలికి రమ్మంటే గడప మైలపడ్తదని... మీ అర్రల పోయి పండుకో బిడ్డా అన్న. నేనే పొమ్మన్న పంతులూ. నా మాట ఇని పోయింది."

యోహాను జాబు గడప మీద పెట్టి, వెళ్ళి భార్య పక్కన కూర్చున్నాడు. జానమ్మ గొంతులోంచి ఒక్క మూలుగు వచ్చింది, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది గుర్వమ్మకు.

మధ్యాహ్నం సేటు గుమాస్తా అంజయ్య గొడుగేసుకుని వచ్చాడు. వెనక ట్రంకుపెట్టె మోసుకుంటూ రైల్వే మనిషి, అతని భార్య.

"గోడకు తడక కట్టిస్తమన్నడు సేటు. వీళ్ళను ఇయ్యాల్నే దింపుమన్నడు. ఆ కిరస్తానోళ్ళను లెవ్వమను."

"లెవ్వరు," అంది గుర్వమ్మ.

"ఏందీ?"

"గోడ కట్టిందాంక గా గది ఎవ్వరికియ్య. వాళ్ళు నా అర్రల ఉంటరు."

"నువ్వెవరు ఇయ్యను అననీకె? మాలిక్ హుకుమిది."

"మాలిక్ రంగూన్ల ఉన్నడు. గోడ ఈడ పడ్డది. పిల్ల ఈడ సచ్చింది." గుర్వమ్మ కూలిన గోడ వైపు చెయ్యి చూపింది. "వచ్చి చూసి పొమ్మని రాయి. కిరాయి గూడ ఇగ నేను వసూలు జెయ్య."

"అర్ర పోతది ముసల్దానా. ఈ వానల యాడుంటవ్?"

రైల్వే మనిషి భార్య ఒకసారి కూలిన గోడను, మూలనున్న తల్లిని చూసి, మొగుడి చెయ్యి పట్టి లాగింది. పెట్టె మళ్ళీ నెత్తికెత్తుకున్నారు. అంజయ్య వాళ్ళ వెనకే, సేటుకు చెప్తానని అరుచుకుంటూ పోయాడు.

గుర్వమ్మ తన గది తలుపులు రెండూ బార్లా తెరిచింది. చాప పరిచి, మూలనున్న కుంపటి రాజేసి, వాకిట్లోకి వచ్చింది.

"జానమ్మా, లోపలికి రా బిడ్డా. తడుస్తున్నవ్."

వాన హోరు పెరిగింది. యోహాను లేచి భార్యకు చెయ్యి అందించాడు. జానమ్మ ఆ చెయ్యి పట్టుకోలేదు, గడప వైపు తలెత్తి చూడలేదు. తెరిచిన తలుపు పట్టుకుని గుర్వమ్మ అలాగే నిలబడింది.