నా పెయ్యి సంగతి

కత్తిపీట ముందు కూర్చోవడం నాకెప్పుడూ కష్టం కాలేదు. లేవడమే కష్టమైంది. కోసిన సొరకాయ ముక్కల గిన్నె పక్కకు జరిపి, ఒక చేయి మోకాలి మీద ఊని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నేను లేస్తుంటే మా ఆయన వేణు పేపరు దించి చూసేవాడు. "కంప్యూటర్ ముంగట కుర్చీల కూసునుడు మరిగినవ్. ఇగ నేల మీదికెల్లి లేవనొస్తదా," అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. ఆ నవ్వు వెనకాలే ఉద్యోగం మానమనే మాట వస్తుందని తెలుసు కనక నాకు ఒళ్ళు మండేది.

హైటెక్ సిటీలో గుండ్రటి భవనం తయారైన మరుసటి ఏడాది అది. ఆ దగ్గర్లోనే మా ఆఫీసు. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పి పంపిన మాటలు చెవుల్లో వింటూ టైపు చేయడం నా పని. కాలి కింద పెడల్ ఉంటుంది. నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, వదిలితే ఆగుతాడు. నేను నొక్కితే మగవాళ్ళు మాట్లాడి, వదిలితే ఆగే చోటు అదొక్కటే. ఎంత బాగుండేదో. మా ఊరు కొత్తగూడలో ఆ పనికి వెళ్లిన మొదటి కోడలిని నేనే.

ఆ చలికాలం బస్సు మెట్టు ఎక్కడానికి కడ్డీ పట్టుకుని వేలాడాల్సి వచ్చింది. జడ వేసుకుంటుంటే సగంలో చేతులు జారి ఒళ్ళో పడేవి. పైగా ఒళ్ళు చేశాను, మా ఇంటి మాటలో పెయ్యి పెరిగింది. వేణు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరు నన్నే అడిగాడు, ఏమవుతోందని. "ఆమెకేం తెల్వది సార్, నేను జెప్త. పని జెయ్య బద్ధకం, అంతే," అన్నాడు వేణు. డాక్టరు ఆ మాటే రాసుకున్నాడు. రక్తపరీక్షలో ఎంజైములు ఎక్కువ ఉన్నాయని తేలింది. లివరు అన్నాడు డాక్టరు.

లివరంటే మా అత్త చంద్రమ్మకు కామెర్లే. ఇక పసరు మొదలైంది. తెల్లారగానే పరగడుపున గ్లాసెడు ఆకుపచ్చటి చేదు, ఆపైన ఉప్పూ నూనే లేని పథ్యం. నాకు తోడుగా ఆమె కూడా ఉప్పు మానేసింది, ఆ మాట దాచను. కానీ వంట మాత్రం నాదే. ఇంటిల్లిపాదికీ చింతపులుసు మరిగించి, ఆ వాసన పీల్చి, చప్పిడి మెతుకులు తినేదాన్ని. నలభై రోజులైనా గోడ పట్టుకోకుండా లేవలేకపోయాను. "ఉగాది దాంక జూస్త. గప్పటికి తక్కువ గాకుంటే నౌకరి బంద్," అన్నాడు వేణు.

ఉగాది పదిహేను రోజులుందనగా, ఒక మధ్యాహ్నం, చెవిలో ఎవరో ముసలి డాక్టరు నెమ్మదిగా చెబుతున్నాడు. ముప్పై నాలుగేళ్ళ ఆడమనిషి. కుర్చీలోంచి చేతులు ఊనకుండా లేవలేకపోతున్నానని చెబుతోంది. తల దువ్వుకోలేకపోతున్నానని చెబుతోంది. ఎంజైములు చూసి లివరు జబ్బనుకున్నారు, కానీ కామెర్లుంటే పెరగాల్సిన బిలిరుబిన్ మామూలుగానే ఉంది. అవే ఎంజైములు కండరాల్లోనూ ఉంటాయి. కండరాల సంగతి తేల్చే సీపీకే పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

పెడల్ మీద నా కాలు ఆగిపోయింది. వెనక్కి తిప్పి మూడుసార్లు విన్నాను. బ్యాగులోంచి నా రిపోర్టు తీసి చూస్తే బిలిరుబిన్ మామూలుగానే ఉంది. కామెర్లే లేవు నాకు! కానీ నన్ను ఏడిపించింది ఆ అంకె కాదు. చెబుతోంది, చెబుతోంది అంటున్నాడే ఆ డాక్టరు, ఆ మాట. ఎక్కడో ఒక ఆడమనిషి తన ఒంటి గురించి తానే చెప్పుకుంటే దాన్ని నమ్మి రాసుకున్నారు.

మర్నాడు సగంపూట సెలవు పెట్టి ఇంకో దవాఖానకు ఒక్కదాన్నే వెళ్ళాను. నాకేమవుతోందో ముందురోజే కాగితం మీద రాసుకున్నాను. డాక్టరు దాన్ని రెండుసార్లు చదివి, చేతులు కట్టుకుని కుర్చీలోంచి లేవమన్నాడు. లేవలేకపోయాను. నేను అడగకముందే సీపీకే రాశాడు, థైరాయిడ్ కూడా. వంద చిల్లర ఉండాల్సిన సీపీకే రెండు వేలు దాటింది. మెడలోని గ్రంథి పని మానేస్తే కండరాలు నీరసించాయట. రోజుకో చిన్న మాత్ర, నిదానంగా తగ్గుతుంది అన్నాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని హాయిగా ఏడ్చాను. నాకు జబ్బుంది. బద్ధకం కాదు.

ఉగాది వచ్చింది, పోయింది. రిపోర్టు వేణు ముందు పెట్టి, ఉద్యోగం మాననని చెప్పాను. పచ్చడిలో ఉప్పు నేనే వేశాను. అత్త ఆ పసరు గ్లాసును తోమి అటక మీద పెట్టేసింది. మాత్ర మొదలుపెట్టిన ఆరో నెలలో ఒకరోజు, రెండు చేతులా సొరకాయ ముక్కల గిన్నె పట్టుకుని, కత్తిపీట ముందు నుంచి లేచి నిలబడ్డాను. వేణు పేపరు దించాడు.

తర్వాతి చెకప్‌కు తనూ వస్తానన్నాడు, రమ్మన్నాను. ఎలా ఉందని డాక్టరు అడిగాడు. వేణు అలవాటుగా ముందుకు వంగి, "ఇప్పుడు మంచిగనే ఉంది సార్, ఇగ నౌకరి గిట్ల బంద్ జేపిస్తే..." అని మొదలుపెట్టాడు.

నేను కుడిచేయి పైకెత్తాను, భుజం దాటించి, తల దాకా. "జర ఆగున్రి. నా పెయ్యి సంగతి నేను జెప్త."

చెప్పాను, మొదటి నుంచీ అంతా చెప్పాను. డాక్టరు రాసుకున్నాడు. చెప్పడం అయ్యేదాకా నేను ఎత్తిన చేయి దించలేదు.